తొలి క్యాంపింగ్ సఫారీకి ఏది మేలు: క్రూగరా, ఎటోషానా?

ఆఫ్రికా సఫారీ అనగానే చాలామందికి మసాయి మారా గుర్తొస్తుంది. అక్కడ జులై నుంచి డిసెంబరు దాకా విదేశీయులకు పార్కు రుసుమే తలకు రోజుకు 200 డాలర్లు. బండి, బస, తిండి ఖర్చు వేరే. కారు మనమే నడుపుకుంటూ, టెంటులో పడుకుని, అన్నం వండుకుంటూ తక్కువ ఖర్చులో తిరిగిరావాలంటే చూపు దక్షిణానికి తిప్పాలి. బోట్స్‌వానాలో మొరేమీ, చోబే ఉన్నాయి గానీ లోతైన ఇసుక దారులు, కంచె లేని క్యాంపులు తొలిసారి వెళ్లేవాళ్లకు నప్పవు. ఇక మిగిలినవి దక్షిణాఫ్రికాలోని క్రూగర్, నమీబియాలోని ఎటోషా. రెండుచోట్లా మామూలు కారుతో తిరగొచ్చు. క్యాంపుల చుట్టూ కంచె ఉంటుంది. మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడపాలి.

సెలవులు ఎప్పుడు దొరుకుతాయన్నదాన్ని బట్టే సగం నిర్ణయం అయిపోతుంది. వేసవి సెలవుల్లో, అంటే మే నెలలోనో జూన్ మొదటి వారంలోనో వెళ్లేవాళ్లకు క్రూగర్ మేలు. అప్పటికి అక్కడ వానలు తగ్గిపోతాయి, గడ్డి ఎండడం మొదలవుతుంది. వాళ్ల బడి సెలవులు జూన్ చివర్లో గానీ మొదలుకావు కాబట్టి క్యాంపులో చోటు దొరికే అవకాశం ఎక్కువ. అదే సమయంలో ఎటోషాకు వెళ్తే పొదల మధ్య ఇంకా వాననీరు నిలిచి ఉంటుంది. జంతువులకు నీటిమడుగుల దగ్గరికి రావలసిన పని ఉండదు. ఎటోషా అసలు రూపం ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. ఎక్కడా చుక్క నీరు మిగలని ఆ రోజుల్లో జంతువులన్నీ మడుగుల దగ్గరికే వస్తాయి. దసరా సెలవులకు అది సరిగ్గా సరిపోతుంది. అక్టోబరులో మధ్యాహ్నం ఎండ 35 డిగ్రీలు దాటుతుంది, కానీ అది మనకు కొత్త కాదు. కొత్తయ్యేది జూన్, జులై రాత్రుల చలే. ఆఫ్రికా కదా అని పలుచని దుప్పటితో వెళ్తే క్రూగర్‌లోనూ తెల్లవారుజామున వణకాల్సిందే. ఎటోషాలోనైతే కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగుతుంది. సున్నా డిగ్రీల చలికి సరిపోయే స్లీపింగ్ బ్యాగు, కింద చలి ఎక్కకుండా మందపాటి మ్యాటు తప్పనిసరి. గాలి పరుపు ఒక్కటే వేసుకుంటే లోపలి గాలి చల్లబడి వీపు బిగుసుకుంటుంది.

డబ్బు సంగతి

క్రూగర్‌లో జేబుకు పెద్ద చిల్లు పెట్టేది క్యాంపు కాదు, పెట్రోలు కాదు. రోజువారీ సంరక్షణ రుసుము, అంటే పార్కులో ఉన్న ప్రతి రోజుకూ కట్టే ప్రవేశ రుసుము. విదేశీ పెద్దవాళ్లకు అది ఇప్పుడు రోజుకు 600 రాండ్ల (దక్షిణాఫ్రికా కరెన్సీ) దరిదాపుల్లో ఉంది, పిల్లలకు సగం. ఏటా నవంబరు 1న కొత్త ధరలు వస్తాయి. ఇద్దరు 8 రోజులుంటే దీనికే దాదాపు 9,600 రాండ్లు. ఇద్దరికి కలిపి తీసుకునే క్యాంపు స్థలం అద్దె దీని ముందు చిన్నదే. వారం దాటి ఉండేవాళ్లు, లేదా అదే ప్రయాణంలో ఇంకో జాతీయ పార్కు చూసేవాళ్లు రోజువారీ రుసుముకు బదులుగా ఏడాది పాటు చెల్లే వైల్డ్ కార్డు అనే పాసు ధరను ఈ మొత్తం పక్కన పెట్టి చూసుకోవాలి.

ఎటోషాలో లెక్క తిరగబడుతుంది. ప్రవేశ రుసుము క్రూగర్‌తో పోలిస్తే సగానికి అటూఇటూ. కానీ క్యాంపులో స్థలానికి ఒక ధర, మనిషికి ఇంకో ధర వేస్తారు కాబట్టి రాత్రి బస ఖరీదవుతుంది. డబ్బు మార్పిడిలో ఒక వెసులుబాటు ఉంది. నమీబియా డాలరు రాండుకు సమానం, రాండ్లు నమీబియాలో నేరుగా చెల్లుతాయి. తిరుగు దారిలో మాత్రం నమీబియా నోట్లు దక్షిణాఫ్రికాలో ఎవరూ తీసుకోరు. మిగలకుండా ఖర్చు పెట్టేయండి.

చిన్న కారా, కప్పు మీద టెంటున్న పికప్పా?

పొదుపు చేయాలనుకునేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. సఫారీ అంటే హైలక్స్ లాంటి పికప్, దాని కప్పు మీద విప్పుకునే టెంటు, వెనక ఫ్రిజ్ ఉండాలనుకుంటారు. చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పార్కులో విలువైన సమయం తెల్లవారి గేటు తెరిచిన మొదటి రెండు గంటలు. క్రూగర్‌లో జూన్‌లో క్యాంపు గేటు 6 గంటలకు తెరుస్తారు. కప్పు మీద టెంటు ఉంటే కారు కదలాలంటే ముందు ఆ టెంటు మడవాలి. మంచుకు తడిసిన గుడ్డ, చలికి మొద్దుబారిన వేళ్లు, బిగుసుకున్న పట్టీలు. ఇరవై, ముప్ఫై నిమిషాలు అక్కడే పోతాయి. సింహాలు అప్పటికి రోడ్డు దిగి పొదల్లోకి వెళ్లిపోతాయి. నేల మీద వేసిన టెంటుతో ఆ తంటా లేదు. జిప్పు వేసి తాళం పెట్టి వెళ్లిపోవడమే. పైగా మీరు బయట తిరుగుతున్నంతసేపూ ఆ స్థలం మీదేనని అది చెబుతూ ఉంటుంది.

పెట్రోలు లెక్క కూడా చూడండి. జొహానెస్‌బర్గ్ నుంచి క్రూగర్ దక్షిణ గేట్లు సుమారు 430 కిలోమీటర్లు. రానుపోను 900 అనుకుందాం. పార్కులో రోజుకు 200 చొప్పున వారానికి 1,400. మొత్తం 2,300 కిలోమీటర్లు. చిన్న కారు వందకు 6 లీటర్లు తాగితే 138 లీటర్లు, పికప్ 12 తాగితే 276. అద్దెలో తేడా దీనికన్నా చాలా పెద్దది. అక్కడ అద్దెకు దొరికే చిన్న కార్లలో ఎస్-ప్రెసో, గ్రాండ్ ఐ10, బాలెనోకు కవలైన టయోటా స్టార్లెట్ మన దేశం నుంచే ఎగుమతైనవి, నడపడానికి కొత్తగా ఏమీ ఉండదు. చిన్న కారుకున్న నిజమైన లోటు ఎత్తు. మే నెలలో గడ్డి ఇంకా నిలబడి ఉంటే కిందికి ఉండే సీటు నుంచి పడుకున్న సింహం కనబడదు. నలుగురుంటే ఎర్టిగా తరగతి బండి తీసుకోవడం మంచిది. అంత ఖర్చూ పెరగదు, చూపూ పైకి వస్తుంది.

ఎటోషాలో కథ కొంచెం వేరు. పార్కులో రోడ్లు దాదాపు అన్నీ తెల్లటి సున్నపురాతి కంకరవే. నమీబియా రాజధాని విండ్‌హోక్ నుంచి ఔట్జో మీదుగా ఆండర్సన్ గేటు దాకా 400 కిలోమీటర్లకు పైగా తారు రోడ్డు ఉంది కాబట్టి ఎటోషా ఒక్కటే చూసి వచ్చేస్తే చిన్న కారు చాలు. అక్కడి నుంచి సోసుస్‌వ్లే ఇసుక దిబ్బలు, డామరాలాండ్ ప్రాంతం కూడా చుట్టాలంటేనే పికప్ తన ఖరీదుకు న్యాయం చేస్తుంది. రెండు స్టెప్నీలు, గాలి కొట్టే కంప్రెసర్ ఉన్నదే తీసుకోండి. కంకర మీద టైర్లలో గాలి 1.8 నుంచి 2 బార్‌కు తగ్గిస్తే పంక్చర్లూ కుదుపులూ తగ్గుతాయి. వేగం 80 దాటకూడదు. నమీబియాలో విదేశీయుల ప్రమాదాల్లో బాగా కనిపించేది ఎదురుగా ఎవరూ లేకుండానే వంపులో జారి బోల్తా కొట్టడం. అద్దె ఒప్పందంలో ఇలాంటి ఒంటరి ప్రమాదాలకు బీమా వర్తిస్తుందా, టైర్లు, అద్దాలు, బండి అడుగుభాగం అందులో ఉన్నాయా అని సంతకానికి ముందే చదవాలి. డిపాజిట్‌కు డ్రైవరు పేరు మీదున్న క్రెడిట్ కార్డు అడుగుతారు. డెబిట్ కార్డు చాలాచోట్ల ఒప్పుకోరు.

లోపల రోజు ఎలా గడుస్తుంది

క్రూగర్‌లో తారు మీద 50, కంకర మీద 40 వేగ పరిమితి. ఆగుతూ చూస్తూ వెళ్తే సగటున గంటకు 25 కిలోమీటర్లే పడతాయి. స్కుకూజా క్యాంపు నుంచి సతారా క్యాంపు 93 కిలోమీటర్లు కదా, రెండు గంటల్లో చేరిపోతాం అనుకుంటే సాయంత్రం గేటు మూసేశాక చేరి జరిమానా కట్టాల్సి వస్తుంది. రోజుకో క్యాంపు మారే ప్రణాళిక వద్దు. క్రొకొడైల్ బ్రిడ్జ్ గేటు నుంచి లోపలికెళ్లి లోయర్ సాబీలో మూడు రాత్రులు, సతారాలో మూడు, తిరుగు దారిలో బెర్గ్-ఎన్-డాల్‌లో ఒకటి వేసుకుంటే మొదటిసారికి నిండుగా ఉంటుంది. సతారా చుట్టుపక్కల సింహాలకు పేరు. లోయర్ సాబీ నుంచి నది వెంట స్కుకూజా వెళ్లే హెచ్4-1 రోడ్డు మీద జంతువులు ఎక్కువే, కార్లూ ఎక్కువే.

క్రూగర్‌లో లోటు రాత్రి. జూన్‌లో 5:30కే గేటు మూసేస్తే మళ్లీ 6 దాకా పన్నెండు గంటలు కంచె లోపలే. ఎటోషా గెలిచేది ఇక్కడ. ఒకాకుయేజో క్యాంపులోని నీటిమడుగుకు రాత్రంతా దీపాలు వెలుగుతాయి. రాతి గోడ వెనక బెంచీ మీద కూర్చుంటే నల్ల ఖడ్గమృగాలు, ఏనుగులు వచ్చి నీళ్లు తాగి పోతాయి. చుక్క పెట్రోలు ఖర్చు కాదు. హలాలీ క్యాంపులో మోరింగా మడుగూ అలాంటిదే. క్రూగర్‌లో జంతువులను వెతుక్కుంటూ తిరగాలి, ఎటోషాలో ఒకచోట కూర్చోవాలి. ఓపిక లేని పిల్లలుంటే ఈ తేడా గుర్తుపెట్టుకోండి. అడవిదున్న, నీటిగుర్రం, మొసలి చూడాలని ఉంటే మాత్రం ఎటోషాలో అవి లేవు.

ఒకాకుయేజో నుంచి హలాలీ 70 కిలోమీటర్లు, అక్కడి నుంచి నముటోని ఇంచుమించు అంతే. బంకులు ఈ మూడింటిలో ఉన్నా ఒక్కోసారి ఇంధనం ఉండదు. ఔట్జోలోనో సుమెబ్‌లోనో ట్యాంకు నింపుకునే లోపలికి వెళ్లండి. పడమరన ఉన్న ఓలిఫాంట్స్‌రస్ క్యాంపులో బంకే లేదు. పార్కు మధ్యలో కంచె వేసిన మరుగుదొడ్ల శుభ్రత గురించి ఆశలు పెట్టుకోవద్దు. క్రూగర్‌లోని చోక్వానే, అఫ్సాల్ లాంటి పిక్నిక్ చోట్లు వీటికన్నా ఎన్నో రెట్లు నయం.

క్యాంపులో దొంగలు, వంట

క్రూగర్‌లో పగటి దొంగలు కోతులూ బబూన్లూ. టెంటులో అరటిపండు వదిలితే జిప్పు తీయవు, గుడ్డనే చీలుస్తాయి. తినేవన్నీ కారు డిక్కీలో ఉండాలి, ఉప్పు డబ్బాతో సహా. ఎటోషాలో రాత్రిపూట నక్కలు తిరుగుతాయి. తిండే కాదు, బయట విడిచిన తోలు చెప్పులూ ఎత్తుకుపోతాయి. కంచె అవతలి నుంచి చూస్తున్న దుమ్ములగొండికి ఎముక విసరడం మాత్రం ఎన్నడూ చేయొద్దు. మనుషుల దగ్గర తిండి దొరుకుతుందని అలవాటు పడ్డ జంతువును చివరకు చంపాల్సి వస్తుంది.

ఎటోషా నేల గట్టి సున్నపురాయి. టెంటుతో వచ్చే సన్నటి తీగ మేకులు మొదటి దెబ్బకే వంగుతాయి. అరచేయంత పొడవున్న ఇనుప మేకులు, చీల తీసే కొక్కెమున్న సుత్తి పట్టుకెళ్లాలి. తాళ్లు లేకపోయినా నిలబడే డోమ్ టెంటు అయితే ఇంకా మంచిది. ముగ్గురికి సరిపోయేది 3, 4 కిలోలే కాబట్టి ఇక్కడి నుంచే తీసుకెళ్లొచ్చు. గ్యాస్ డబ్బా మాత్రం విమానంలో ఎక్కనివ్వరు, అక్కడే కొనాలి.

క్రూగర్ పెద్ద క్యాంపుల్లో ఉమ్మడి వంటగది, కరెంటు పొయ్యి, మరుగునీళ్ల కుళాయి ఉంటాయి. చిన్న కుక్కరు, బియ్యం, కందిపప్పు ఉంటే గ్యాసు లేకుండానే గడిచిపోతుంది. పప్పులు, మసాలాలు మోసుకెళ్లక్కర్లేదు, జొహానెస్‌బర్గ్‌లో ఫోర్డ్స్‌బర్గ్ వీధుల్లో దొరుకుతాయి. స్థలం దగ్గర కరెంటు కావాలంటే కారవాన్‌లకు వాడే నీలిరంగు మూడు పిన్నుల ప్లగ్గు అవసరం, దాని అడాప్టరు క్యాంపింగ్ దుకాణాల్లో దొరుకుతుంది. గదుల్లోని మామూలు ప్లగ్గుకు అయితే మన ఇళ్లలో గీజరుకు వాడే లావు పిన్నులదే పనికొస్తుంది. బలూలే, సెంజే క్యాంపుల్లో కరెంటే లేదు.

క్రూగర్ క్యాంపులకు 11 నెలల ముందే బుకింగు తెరుస్తారు. ముందు క్యాంపు, తర్వాత విమానం టికెట్టు, ఆ తర్వాతే కారు. ఈ వరుస తలకిందులైతే తేదీలు కుదరవు. రెండు దేశాలకూ మనకు వీసా కావాలి. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా వెళ్తూ అక్కడ 12 గంటలు దాటి ఆగినా, విమానాశ్రయం బయటికి వెళ్లినా ఎల్లో ఫీవర్ టీకా ధ్రువపత్రం అడుగుతారు. మలేరియా మాత్రల గురించి వైద్యుణ్ని నెల ముందే కలవండి. రెండు పార్కుల నుంచీ పచ్చి మాంసం బయటికి తేనివ్వరు, పశువులకు గాలికుంటు సోకుతుందన్న భయంతో గేటు దగ్గర కూలర్ విప్పి చూస్తారు. కొన్న మాంసం ఏమైనా మిగిలుంటే చివరి రాత్రే వండేసుకోండి.