విజయనగరంలో పీసీఓఎస్‌కి ఒక క్లినిక్: డాక్టరమ్మకి నాలుగు స్టార్లు, కౌంటర్‌కి ఒకటి

నెలసరి తప్పుతూ, గడ్డం కింద వెంట్రుకలు వస్తుంటే (పీసీఓఎస్ అనే హార్మోన్ల తేడా వల్ల ఇలా అవుతుంది) ఎవరికి చూపించాలో తెలీక విశాఖ పరిగెడుతున్న ఉద్యోగినులు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు, వాళ్ళలాంటి వాళ్ళ కోసం రాస్తున్నా. పేరు రాయట్లేదు, తిట్టాల్సినవీ ఉన్నాయి కాబట్టి.

డాక్టరమ్మ స్కాన్ కాగితం చూడగానే మందులు రాసేసే మనిషి కాదు. స్కాన్‌లో నీటి బుడగలు కనిపించినంత మాత్రాన పీసీఓఎస్ కాదట. నెలసరి క్రమం తప్పడం, మగ హార్మోన్ ఎక్కువవడం, అండాశయాలు స్కాన్‌లో అలా కనిపించడం, ఈ మూడింటిలో రెండుండాలి, అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాల హార్మోన్) లాంటి గొడవలు లేవని తేలాకే. 2003 నుంచీ ఇదే లెక్క అన్నారు. నా మెడ వెనక నలుపు చూసి, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే ఇలా వస్తుందని షుగర్ పరీక్ష రాశారు. మా అమ్మ శనగపిండి పెట్టి ఎంత తోమినా పోని నలుపు అది! పరగడుపున రక్తం తీసి, 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి, రెండు గంటలకి మళ్ళీ తీస్తారు. ఆ తీపికి కడుపులో తిప్పుతుంది, ఆఫీసుకి సగం పూట సెలవు పెట్టేయండి.

డైట్ షీట్ మాత్రం ఎక్కడిదో అచ్చేసి ఇస్తున్నారు. క్వినోవా, అవకాడో, బ్లూబెర్రీలు! చోడి అంబలి తాగొచ్చా అని నేనడిగితే ఆవిడ నవ్వి, షీట్ మీదే పెన్నుతో రాసి, అన్నం సగానికి తగ్గించి కూర, పప్పు పెంచమన్నారు. బరువు ఎక్కువున్నవాళ్ళు 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి దారిలో పడొచ్చట, అలాగని సన్నగా ఉన్నవాళ్ళకి రాదనుకోకండి.

ఇక కౌంటర్. "పెళ్ళయిందా, ఎన్నేళ్ళయింది, పిల్లల్లేరా?" అని హాలంతా వినబడేలా అడుగుతారు. ఆ పక్క కుర్చీలో మా వీధి పిన్ని కూర్చునుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. ఆ వివరాలు లోపల డాక్టర్‌కి చెప్తానన్నా, ఫారం నిండాలండీ అంటారు. సాయంత్రం ఆరింటికి టోకెన్ ఇచ్చి ఎప్పటికో పిలుస్తారు, నెల్లిమర్ల వైపు వెళ్ళాల్సిన వాళ్ళకి బస్సు టెన్షన్. ఆదివారం సెలవు, ఉద్యోగాలు చేసేవాళ్ళు ఎప్పుడు రావాలో మరి.

వెళ్ళే ముందు పాత రిపోర్టులు, గడిచిన ఆరు నెలల నెలసరి తేదీలు కాగితం మీద రాసుకుని పట్టుకెళ్ళండి, ఆవిడ మొదట అడిగేది అవే.