కథల ఎంపిక: సంపాదకులొక్కరే చదవాలా, పేరు తీసేసి ఇద్దరి చేత చదివించాలా?

సంపాదకులే అన్నీ చదివితే జవాబు త్వరగా వెళ్తుంది, పత్రికకు ఒక అభిరుచి ఏర్పడుతుంది. కానీ తెలిసిన పేరు కనబడితే మొహమాటం అడ్డొస్తుంది. పండగ సంచిక ముందు మెయిళ్లు పోగుపడితే కొత్తవాళ్ల కథలే అడుగున ఉండిపోతాయి.

రెండో పద్ధతిలో కథకు నంబరు వేసి, పేరు తీసి, ఇద్దరు సమీక్షకులకు పంపుతారు. (సమీక్షకుల చేత చదివించే అలవాటు 1998లో మొదలైన ‘ఈమాట’ వెబ్ పత్రికకు ఉంది.) పేరు తీయడమంటే మొదటి పేజీలోది చెరిపితే సరిపోదు. ఫైలు పేరు, వర్డ్ ప్రాపర్టీస్ (ఫైలు వివరాల్లో నమోదయ్యే రచయిత పేరు), చివరి పరిచయం కూడా చూడాలి. ఈ పద్ధతిలో జవాబుకు నెల రోజులైనా పడుతుంది. పైగా ఇద్దరి మార్కులు కలిపి చూస్తే ఎవరికీ అభ్యంతరం లేని చప్పటి కథ గట్టెక్కి, ఒకరికి విపరీతంగా నచ్చి మరొకరికి నచ్చని కథ రాలిపోతుంది. అందుకే మార్కులు అడగొద్దు. ‘వేద్దాం, మార్చాక చూద్దాం, వద్దు’ వీటిలో ఒకటి, కింద రెండు వాక్యాల కారణం చాలు. ఇద్దరి అభిప్రాయాలు వేరైన కథను సంపాదకులు తప్పక చదవాలి.

నెలకు పదీ పదిహేను రచనలొచ్చే పత్రికకు మొదటి పద్ధతి సరిపోతుంది. అంతకు మించితే రెండోదే న్యాయం.

ఏ పద్ధతైనా దిద్దుబాటు ఒక్కరే చెయ్యాలి. ఇద్దరు దిద్దితే ఒకచోట ‘వచ్చిండు’ అన్న పాత్ర మరోచోట ‘వచ్చాడు’ అంటుంది. డీటీపీలో వాడే ‘అను’ ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చిన ఫైల్లో ఒత్తులు తారుమారవుతాయి, రచయిత పంపిన పీడీఎఫ్‌తో సరిచూడాలి. చివరి ప్రూఫు రచయితకు చూపించకుండా అచ్చుకు ఇవ్వకూడదు.