పర్లాకిమిడిలో ఫోన్ కొనేవాళ్లు ఒకసారి ఇది చదవండి

దసరా ముందు అమ్మకి ఇక్కడే ఒక షాపులో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొన్నాం. ఆండ్రాయిడ్ 13, బ్యాటరీ కూడా బాగానే నిలుస్తోంది. షాపు పేరు రాయను, గొడవలొద్దు.

పాత ఫోన్‌లోని ఫోటోలు మార్చి ఇస్తానని కుర్రాడు తన ఫోన్ నుంచే ఏదో యాప్ పంపాడు, ప్లే స్టోర్ తెరవనే లేదు. అది అడిగిన ప్రతిదానికీ టకటకా నొక్కేశాడు. ఫోన్ ఒడియాలో పెట్టి ఉంది. అమ్మకి ఒడియా మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. తలూపింది. నేనేమో పక్కనే నిలబడి చార్జర్‌కి బేరమాడుతున్నా.

నాలుగు రోజులకి స్క్రీన్ నిండా యాడ్స్. రోజుకిచ్చే ఒకటిన్నర జీబీ మధ్యాహ్నానికే ఖాళీ. డేటా ఎవరు తింటున్నారా అని చూస్తే మొదటి వరసలో ఆ యాప్. పర్మిషన్లు తెరిచా. కెమెరా లేదు, లొకేషన్ లేదు, హమ్మయ్య అనుకున్నా. అసలుది వేరే చోట దాక్కుంది: సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్పెషల్ యాప్ యాక్సెస్, దాని లోపల ఆల్ ఫైల్స్ యాక్సెస్. అక్కడ ఆన్‌లో ఉంది.

ఆండ్రాయిడ్ 11తో వచ్చిన తలుపు ఇది. దీనికి మామూలు అలో బాక్స్ రాదు, సెట్టింగ్స్ పేజీకి తీసుకెళ్లి బటన్ జరపమంటుంది. జరిపితే డౌన్‌లోడ్స్‌లోని ఆధార్ పీడీఎఫ్, పొలం కాగితాల ఫోటోలు, అన్నీ చదవొచ్చు, తుడిచేయొచ్చు కూడా. ఫైల్ మేనేజర్‌కి అది కావాలి, ఒప్పుకుంటా. ఫోటోలు మార్చేశాక ఈ యాప్‌కి ఏం పని?

బటన్ ఆఫ్ చేసి యాప్ పీకేశా. ఏయే ఫైళ్లు బయటికి పోయాయో తెలీదు, టెన్షన్ అదే. షాపుకెళ్లి అడిగితే “అందరికీ ఇలాగే చేస్తాం కదా” అన్నాడు, తప్పేముందన్నట్టు.

పాత ఫోన్ చవగ్గా వస్తోందని ఎగబడకండి, వెర్షన్ చూడండి. ఆండ్రాయిడ్ 9, అంతకంటే పాతదైతే స్టోరేజ్‌కి ఒక్కసారి అలో అంటే మెమరీ మొత్తం అప్పజెప్పినట్టే. 13లో ఫోటోలకీ పాటలకీ విడివిడిగా అడుగుతుంది. 14 అయితే నాలుగు ఫోటోలు ఎంచి అవే ఇవ్వొచ్చు. కానీ ఆ ఆల్ ఫైల్స్ బటన్ ఆన్‌లో ఉంటే ఈ జాగ్రత్తలన్నీ దండగ. డబ్బు కట్టకముందే కౌంటర్ దగ్గర ఆ పేజీ తెరిపించండి. ఫోన్ తెలుగులో పెట్టించుకోండి.

వచ్చే వారం పాతపట్నం నుంచి మావయ్య అదే షాపుకి వస్తానంటున్నాడు. ఈసారి చార్జర్ బేరం ఆయన్నే ఆడమన్నా.