రీగల్ నీడలో ఉండిపోయిన జైలు కచేరీ

అమెరికా నల్లజాతీయుల బ్లూస్ సంగీతంలో గాయకుడు, గిటారు వాద్యకారుడు అయిన బి.బి. కింగ్ కచేరీ రికార్డుల మాట వస్తే విమర్శకులు ముందుగా తలిచేది ‘లైవ్ ఎట్ ది రీగల్’ ఆల్బమ్‌నే. 2003లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన 500 ఉత్తమ ఆల్బమ్‌ల జాబితాలో దానికి 141వ స్థానం దక్కగా, 1971లో వెలువడిన ‘లైవ్ ఇన్ కుక్ కౌంటీ జైల్’ 499వ స్థానంలో, అంటే గుమ్మం దగ్గర, నిలబడింది. నా పేచీ ఆ దూరంతోనే.

1964 నవంబరులో షికాగోలోని రీగల్ థియేటర్‌కు వచ్చినవారు కింగ్‌ను ప్రాణంగా చూసుకునే శ్రోతలు. పాట సగంలో ఉండగానే వారి కేకలు దాన్ని పూర్తిచేస్తాయి. విమర్శకులు మెచ్చుకున్నది వాయిద్యంతో పాటు ఆ కేకలను కూడా అని నా అనుమానం. ఇంతకంటే బాగా వాయించిన కచేరీలు తనకెన్నో ఉన్నాయని కింగ్ స్వయంగా తన ఆత్మకథలో చెప్పుకున్నారు.

అదే నగరంలోని జైలులో 1970 సెప్టెంబరు 10న, నలభై అయిదు నిండడానికి ఆరు రోజుల ముందు, ఆయన ఎదుట కూర్చున్నది రెండువేల పైచిలుకు ఖైదీలు. పరిచయ వాక్యాల్లో షెరీఫ్ పేరు, న్యాయమూర్తి పేరు వినబడగానే వారు చేసిన ఎగతాళి అరుపులను కత్తిరించకుండా ఉంచడం ఈ రికార్డుకు జరిగిన మేలు. మొదటి పాటను మాత్రం ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తించారు. దాదాపు పది నిమిషాల ‘వర్రీ, వర్రీ’లో ఆలుమగల వ్యవహారాలపై సాగే కబుర్లు మొదటిసారి నవ్వించినా, మూడోసారికి విసుగు పుట్టిస్తాయి.

ఈ లోపాలన్నిటినీ ‘ది థ్రిల్ ఈజ్ గాన్’ మరిపిస్తుంది. స్టూడియో రికార్డులో వయొలిన్లు పరిచిన మెత్తదనం ఇక్కడ లేదు. వాటి చోటు బాకాలది. కింగ్ పాడుతున్నంతసేపూ లూసిల్ అనే ఆయన గిటారు మౌనంగా ఉంటుంది, గొంతు ఆగిన చోట అందుకుంటుంది. వరుసకు సోదరుడైన బుకా వైట్ తీగలపై గొట్టం జార్చి పలికించిన నాదాన్ని వట్టి వేళ్లతో సాధించాలని చేసిన ప్రయత్నంలోంచి పుట్టిన ఆ ఎడమచేతి వణుకు, గమకానికి అలవాటుపడిన మన చెవికి పరాయిగా తోచదు. ఒకే స్వరాన్ని పట్టుకుని, తీగను పక్కకు లాగి, అది వణికి ఆరిపోయేదాకా ఆయన రెండో స్వరం జోలికి వెళ్లరు.

రెండింటిలో ఒక్కటే కొనగలిగినవారికి విమర్శకుల మాటే క్షేమం. జైలు కచేరీని ఎంచుకున్నవారు మాత్రం, పాట కాదు కదా అని పరిచయ వాక్యాలను దాటవేయవద్దు. ఆ అరుపులు విన్నాకనే తర్వాతి చప్పట్ల విలువ తెలుస్తుంది.