బ్రెట్‌ఫోర్టన్‌లో ఫ్లీస్ ఇన్: రైతు ఇల్లే పబ్ అయింది

ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ చూడ్డానికి వెళ్లే మనవాళ్లు చాలామంది బ్రాడ్‌వే, చిప్పింగ్ క్యామ్‌డెన్ చూసి వెనక్కి తిరుగుతారు. రెండూ అందమైన ఊళ్లే, కానీ సెలవు రోజుల్లో జనం, పార్కింగ్ టెన్షన్. వాటికి దగ్గర్లోనే వూస్టర్‌షైర్‌లో బ్రెట్‌ఫోర్టన్ అనే పల్లె ఉంది. అక్కడి ఫ్లీస్ ఇన్ కోసం ఒక పూట ఉంచుకోండి. మందు ముట్టనివాళ్లూ చూడాల్సిన చోటు అది.

నలుపు తెలుపు చెక్క చట్రాల ఈ కట్టడం 15వ శతాబ్దపు రైతు ఇల్లు. మనుషులూ పశువులూ ఒకే కప్పు కింద ఉండేవారు. 1848లో పబ్ అయింది. ఆ రైతు కుటుంబానికే చెందిన లోలా టాప్లిన్ 1977లో కన్నుమూసినప్పుడు దీన్ని పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకు రాసిచ్చారు. ఎప్పటిలాగే పల్లెటూరి పబ్‌గా ఉంచాలనీ, చిప్స్ ప్యాకెట్లు అమ్మకూడదనీ ఆవిడ కోరిక. ఆవిడ పట్టుదల నాకు ఎంతో నచ్చింది. తాళ్లు కట్టి దూరం నుంచి చూపించే మ్యూజియం అయ్యుంటే ఆ బల్లల మీద మనం కూర్చోగలిగేవాళ్లం కాదు.

లోపల పైకప్పు దూలాలు బాగా కిందికి ఉంటాయి. పొడుగువాళ్లు తల చూసుకోవాలి. రాతి పలకల నేల, పెద్ద పొయ్యిగూళ్లు, వీపు ఎత్తుగా ఉండే పాత చెక్క బల్లలు. పొయ్యి ముందు నేల మీద తెల్లటి వలయాలు గీసి ఉంటాయి. పొగగొట్టంలోంచి మంత్రగత్తెలు దిగకుండా వేసిన రక్ష అట. మన గడప ముందు ముగ్గు గుర్తొచ్చి అక్కడే చాలాసేపు నిలబడిపోయాను. ప్యూటర్ రూమ్‌లో తగరం కలిసిన లోహంతో చేసిన పాత పళ్లేలు వరసగా పేర్చి ఉన్నాయి. అవి 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో రాజు మీద పోరాడిన క్రామ్‌వెల్ సైన్యం వదిలి వెళ్లినవని ఊళ్లో కథ. 2004లో గడ్డి కప్పు అంటుకుని భవనం బాగా దెబ్బతింది. బాగుచేసి 2005లో మళ్లీ తెరిచారు. ఆ మాట చెబితే తప్ప తెలియనంత శ్రద్ధగా పని చేశారు.

లండన్ ప్యాడింగ్టన్ నుంచి రైల్లో ఈవ్‌షామ్ దాకా వచ్చి అక్కణ్ణుంచి టాక్సీ తీసుకోవచ్చు. తిరుగు టాక్సీ ముందే మాట్లాడుకోండి. మేం బుక్ చేసిన బండి ఆలస్యంగా వచ్చి రైలు తప్పినంత పనైంది. బస మాత్రం ఈవ్‌షామ్‌లో పెట్టుకోవడమే మేలు. స్టేషన్ దగ్గర, తినడానికి నాలుగు చోట్లు ఉంటాయి.

ఇలాంటి పబ్బుల్లో వెయిటర్ కోసం ఎదురుచూడకూడదు, కౌంటర్ దగ్గరికెళ్లి మనమే చెప్పాలి. శాకాహారులు ఏముందో ముందే అడగండి. వీలైతే మే చివర్లో వెళ్లండి: ఈ ప్రాంతంలో పండే ఆస్పరాగస్ అనే కాడల కూరగాయకు అదే సీజన్, పబ్ దగ్గర కట్టలు కట్టలుగా వేలం కూడా వేస్తారు.