పేజీని చూసి వేసే యాడా, మనిషిని చూసి వేసే యాడా: ఏది మేలు?

మోకాళ్ల నొప్పుల మీద ఏదో వ్యాసం చదువుతుంటే పక్కన నొప్పి మందు యాడ్ కనిపించింది. నాకేమీ అభ్యంతరం లేదు. ఆ యాడ్‌కు తెలిసింది పేజీ సంగతి, నా సంగతి కాదు. వారం తర్వాత క్రికెట్ స్కోరు చూస్తున్నప్పుడూ అదే మందు ఎదురైతే మాత్రం ఊరుకోలేను. ఎవరో నా వెంటే వచ్చి, నా ఒంటి సంగతి రాసిపెట్టుకున్నారన్నమాట.

ఈ రెండో పద్ధతి ఎలా నడుస్తుందో చూడండి. 1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో ఇంజనీరు లూ మాంటుల్లీ కుకీని, అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తును, తయారుచేసింది మనల్ని తరమడానికి కాదు, మనం బుట్టలో వేసుకున్న వస్తువును సైటు మరిచిపోకుండా ఉండటానికి. యాడ్ కంపెనీలు దాన్నే సైటు నుంచి సైటుకు మన అడుగులు లెక్కపెట్టే పనిముట్టుగా మార్చుకున్నాయి. ఇప్పుడు చాలా సైట్లలో పేజీ తెరుచుకునేలోపే, కనురెప్ప పడేంత సేపట్లో, మనకు యాడ్ చూపించే హక్కు కోసం వేలం జరిగిపోతుంది. పాట పాడాలంటే మనమెవరమో తెలియాలి కాబట్టి మన వివరాలు ఎన్నో కంపెనీలకు వెళతాయి. గెలిచేది ఒక్కరే. వివరాలు మాత్రం ఓడినవాళ్లకూ అందుతాయి. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

చిన్న వ్యాపారికి ఇది మేలు కదా అంటారు. నిజమే, కొద్ది డబ్బుతో తనకు కావలసిన వాళ్లను చేరగలడు. కానీ కొందరినే వెతికి పట్టుకునే పనిముట్టు కొందరిని వెలివేయనూ గలదు. ఇళ్ల ప్రకటనలను జాతిని బట్టి కొందరికి కనబడకుండా చేసే వీలు ఫేస్‌బుక్‌లో ఉందని 2016లో అమెరికా వార్తాసంస్థ ప్రోపబ్లికా బయటపెట్టింది. మానసిక ఆరోగ్య సేవలందించే బెటర్‌హెల్ప్, తన దగ్గరికొచ్చినవాళ్ల వివరాలను యాడ్‌ల కోసం ఇతర కంపెనీలకు ఇచ్చిందన్న ఆరోపణపై 2023లో అమెరికాలో 78 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. గుండె బరువు దించుకోవడానికి వెళ్లినవాళ్ల వివరాలవి!

పేజీని చూసి వేసే యాడ్‌తో సైట్లు బతకలేవన్న మాట పూర్తిగా నిలవదు. 2018లో యూరప్‌లో కొత్త డేటా చట్టం వచ్చాక న్యూయార్క్ టైమ్స్ అక్కడ మనిషిని చూసి వేసే యాడ్‌లు మానేసింది, అయినా దాని యాడ్ ఆదాయం పడిపోలేదు. అయితే అది పేరున్న పత్రిక, అందరికీ అలా సాగకపోవచ్చు. పైగా యుద్ధం, ప్రమాదం వార్తల పక్కన యాడ్ ఇవ్వడానికి చాలామంది వెనకాడతారు. ఆ వార్తలు రాసేవాళ్లకు ఈ పద్ధతిలో కష్టమే.

డబ్బు కట్టి యాడ్‌లు వదిలించుకోవడం మూడో దారి. ఫేస్‌బుక్ యజమాని మెటా 2023 నవంబరులో యూరప్‌లో వెబ్ వాడకానికి నెలకు 9.99 యూరోలు అడిగింది, లేదంటే వెంటపడే యాడ్‌లకు ఒప్పుకోమంది. దీనిమీదే 2025 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ 20 కోట్ల యూరోల జరిమానా వేసింది. ఒక వార్తాపత్రికకు చందా కట్టడం నాకు సమ్మతమే. నా గుట్టు దాచుకోవడానికి కప్పం కట్టడం వేరు. కట్టలేనివాళ్ల గుట్టు అమ్మకానికే అన్నట్టు అవుతుంది.

నా వరకు పేజీని చూసి వేసే యాడే ముందు. దానితో గడవని సైట్లకు చందా. మనిషిని చూసి వేసే యాడ్ అడిగి తెచ్చుకున్నవాళ్లకే రావాలి, వద్దని చెప్పే పని మన నెత్తిన పెట్టకూడదు.