చార్లెస్ నియమం కిట్: సిరంజి బంగారం, గ్రాఫ్ కాగితం దండగ

ఇంటర్ ఫస్టియర్‌కి కెమిస్ట్రీ చెబుతాను. పీడనం మారకుండా వేడిచేస్తే వాయువు ఘనపరిమాణం (అది ఆక్రమించే చోటు) ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుందనే చార్లెస్ నియమం పిల్లలకు కళ్లారా చూపించాలని ఆన్‌లైన్‌లో ఈ కిట్ తెప్పించాను. 100 మి.లీ. గాజు సిరంజి, రబ్బరు మూత, థర్మామీటరు, స్టాండు, అచ్చు వేసిన గ్రాఫ్ కాగితాలు వచ్చాయి.

పెట్టిన డబ్బుకు సిరంజి ఒక్కటే న్యాయం చేసింది. మందుల షాపులో దొరికే ప్లాస్టిక్ సిరంజిలో పిస్టన్ రబ్బరు గోడలకు పట్టేస్తుంది. గాలి వేడెక్కినా కాసేపు కదలదు, తర్వాత ఒక్కసారిగా జరుగుతుంది. ఈలోగా లోపల పీడనం పెరుగుతుంది, ఈ నియమానికేమో పీడనం మారకూడదు. ఈ గాజు పిస్టన్ మాత్రం వేలితో కాస్త తిప్పి వదిలితే చాలు, హాయిగా జారుతుంది. 30 డిగ్రీల దగ్గర 50 మి.లీ. గాలి బిగించి, నీళ్ల బీకరులో నిలబెట్టి వేడిచేశాం. 60 డిగ్రీలకు 55 దగ్గరికి, 90కి 60 దగ్గరికి వచ్చింది.

"సార్, 30 నుంచి 60 అంటే డబుల్ కదా, గాలి డబుల్ కాలేదేం?" అని వెనక బెంచీ నుంచి అడిగారు. ఆ ప్రశ్న రావాలనే ఈ తంటా అంతా. ఈ నియమంలో ఉష్ణోగ్రతను కెల్విన్లలో, అంటే సెల్సియస్ డిగ్రీలకు 273 కలిపి చూడాలి. అలా చూస్తే అది 303 నుంచి 333, అంటే పదో వంతు పెరుగుదలే. 50లో పదో వంతు ఐదు. సిరంజి మీద కనిపిస్తున్నదీ అదే.

సిరంజి లోపల తడి లేకుండా ఆరబెట్టండి. ఒక్క నీటి చుక్క ఉన్నా ఆవిరై రీడింగు పెంచేస్తుంది. ఈ ముక్క కిట్‌తో వచ్చిన కాగితంలో ఎక్కడా లేదు. 1787 నాటి తన ప్రయోగాలను చార్లెస్ ప్రచురించలేదనీ, 1802లో గే-లూసాక్ ఆ సంగతి బయటపెట్టాడనీ కూడా రాయలేదు.

నాకు ఒళ్లు మండింది గ్రాఫ్ కాగితం చూసి. ఉష్ణోగ్రత అక్షం సున్నా డిగ్రీల నుంచే మొదలవుతుంది! మన రీడింగులతో గీసిన గీతను ఎడమవైపు పొడిగించుకుంటూ పోతే ఘనపరిమాణం మైనస్ 273 దగ్గర సున్నా అవుతుంది. నిజానికి ఏ వాయువైనా అంతకుముందే ద్రవమైపోతుంది, కానీ ఆ చోటును పిల్లలు తమ స్కేలుతో తామే పట్టుకోవడంలోనే ఈ ప్రయోగం అందమంతా ఉంది. దానికి కాగితంలో చోటే లేదు. మేం మామూలు గ్రాఫ్ షీట్లు పక్కపక్కన అతికించి గీశాం.

స్టాండు ఊగుతుంది, మీ ల్యాబ్‌లోని బ్యూరెట్ స్టాండే వాడుకోండి. గాజు సిరంజి విడిగా దొరికితే అదొక్కటే కొనండి, మిగతావన్నీ ఏ కాలేజీలోనైనా ఉండేవే.